బెజ్జం లేని సూది

దీనికి బెజ్జం లేదు, దారం ఎక్కదు.
లోపల బోలు లేదు, మందు పట్టదు.
వెంట్రుక కన్నా కాస్త లావు.
ఉక్కు, అంతే.
"ఉత్త సూదికా డెబ్భై డాలర్లు!" అన్నాడు తమహౌ
చొక్కా తలమీదుగా లాగలేక, సగంలో ఆగి.
నేనే లాగాను.
గది నిండా ఉన్నికొవ్వు వాసన.

మటౌరా నదికి ఇవతల, రైలు పట్టాల పక్కన నా గది.
డిసెంబరు వస్తే చాలు
గొర్రెబొచ్చు తీసేవాళ్ళు వరస కడతారు
నడుం పట్టుకుని, మోకాలు ఈడ్చుకుని,
వేళ్ళు తిమ్మిరెక్కి టీ కప్పులు జారవిడిచి.
ఇతనికిది ఇరవై రెండో సీజను.
రోజుకి మూడొందల గొర్రెలు.
ఒక్కోదాన్నీ వంగే లాగాలి, వంగే గొరగాలి,
వంగే కిందికి తోసెయ్యాలి.
నిటారుగా నిలబడేది గంట కొట్టినప్పుడే.

"ఇక్కడ," అని తుంటి చూపించాడు.
నేను అక్కడ వెతకలేదు.
నొప్పి కాపురముండేది ఒక ఇంట్లో,
అరిచేది ఇంకో ఇంటి వాకిట్లో.
చివరి పక్కటెముక కింద, నడుం పక్కగా
బొటనవేలితో తడుముకుంటూ పోయాను.
ఉడకని గింజలా తగిలింది.
నొక్కాను.
బల్ల అంచు పట్టుకున్నాడు.
"దొంగ దొరికాడు," అన్నాడు పళ్ళ మధ్యనుంచి.

రెండంగుళాలు పైకి పోతే ఊపిరితిత్తి.
పందొమ్మిదేళ్ళుగా గుచ్చుతున్నాను,
ఆ రెండంగుళాలకి లోలోపల దండం పెట్టుకోకుండా
ఒక్కనాడూ సూది దించలేదు.

మొదటిది దిగింది. ఏమీ లేదు.
రెండోది. "దోమ," అన్నాడు.
మూడోది కొంచెం వెనక్కి లాగి, కొంచెం వాలుగా—

తన్నింది.
చర్మం కింద కండ ఒక్కసారి ఎగిరి పడింది,
అతన్ని అడగలేదు, నన్ను అడగలేదు.
బూతొకటి వచ్చి, వెనకాలే నవ్వొచ్చింది అతనికి.
"అచ్చం గొర్రే!
కడుపు కింద బొచ్చు తీసేటప్పుడు ఇలాగే తంతుంది."

బోర్లా పడుకునే చెప్పాడు, ముఖం బల్ల కంతలో పెట్టి,
మాటలన్నీ నా బూట్ల మీద పడుతుంటే:
"కొత్తవాడు బలం కొద్దీ అదిమి పడతాడు.
ఎంత అదిమితే అంత తంతుంది.
దాని కాళ్ళకి నేల దొరక్కుండా చూడాలి, అంతే.
బరువు నీ మోకాళ్ళ మీదికి తీసుకో.
ఇంక ఆనడానికేం లేదని తెలిశాక
దానంతటదే వదిలేస్తుంది."

నేను చదివిన పుస్తకాల్లో
ఇంత సులువుగా ఎవరూ చెప్పలేదు.
అసలిది ఎందుకు తగ్గిస్తుందో
నాకూ పూర్తిగా తెలీదు, చెబితే నమ్మరు.
కండలో ముడి విడుతుందంటారు కొందరు,
వెన్నుపాము తికమకపడి ఊరుకుంటుందంటారు కొందరు,
ఉత్తుత్తి సూదైనా ఇంతేనని కొందరు.
వాళ్ళతో వాదించడం మానేశాను.
నాకు తెలిసిందల్లా వేలి కింద గింజ మెత్తబడటం.

లేచి కూర్చున్నాడు. లేచి నిలబడ్డాడు.
ఇటు వంగి, అటు వంగి,
ఎవరో అప్పిచ్చిన వీపులా జాగ్రత్తగా వాడి చూశాడు.
రేపు కమిలినట్టుంటుంది, రెండ్రోజులు పనికి పోకు అన్నాను.
"రేపు ఐదింటికి షెడ్డు," అన్నాడు.
ఇద్దరికీ తెలిసిన అబద్ధమేదో
ఇద్దరం చెప్పుకోవడం మానేశాం.

సూదులు పసుప్పచ్చ డబ్బాలో వేస్తుంటే
మూత తెరవలేక చెయ్యి మార్చాను.
చూశాడు.
"ఆ బొటనవేలు ఎన్నాళ్ళనుంచి?"

ఇంతమంది వీపులు చూపించారు,
ఎవరూ అడగలేదీ మాట.
చెప్పేలోగా నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని
వేలి మొదట్లో నొక్కాడు, నొక్కి ఆగాడు.
ఇరవై రెండేళ్ళ ఉన్నికొవ్వు నానిన అరచెయ్యి,
పసిపిల్లాడి చెంపలా ఉంది.

"తన్నకు," అన్నాడు.